చంద్రగిరి టిబెటన్ హోటళ్ళలో మోమో, తుక్పా: మామ్మతో, పిల్లలతో వెళ్తున్నాం, సలహా చెప్పండి

పర్లాకిమిడి మనవరాలు

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మేం ఇంటిల్లిపాదీ ఒడిశా గజపతి జిల్లాలోని చంద్రగిరి వెళ్తున్నాం, అక్కడి జిరాంగ్ బౌద్ధ మఠం చూడ్డానికి. మఠం గురించి నాకు సందేహాల్లేవు, ఉన్నవన్నీ తిండి గురించే. పిల్లలిద్దరికీ మోమోలంటే ప్రాణం. సాయంత్రమైతే చాలు, బండి దగ్గరికి పరుగు. ఆ బండి మీద ఏ నూనె వాడతారో, లోపల ఏం పెడతారో తెలియక నాకు టెన్షన్. చంద్రగిరిలో టిబెటన్లు స్వయంగా చేసేవి తింటే అసలు రుచి తెలుస్తుందని మా ఆఫీసులో అందరూ అంటున్నారు.

చిక్కల్లా మా మామ్మ విషయంలోనే. మాంసం, గుడ్డు ముట్టదు. ఉల్లి, వెల్లుల్లి తింటుంది. "పులిహోర, పెరుగన్నం కట్టుకుపోదాం, ఆవిడ కార్లో కూర్చుని తింటుంది" అంటున్నారు మావారు. నాకది ససేమిరా ఇష్టం లేదు. మేమంతా లోపల వేడివేడిగా తింటుంటే ఆవిడ ఒక్కర్తీ బయట క్యారేజీ విప్పుకోవడమేంటి? ఆవిడ కూడా మాతో పాటే బల్ల దగ్గర కూర్చోవాలి. అక్కడ ఆవిడకి ఏం పెట్టించవచ్చు? వెజ్, నాన్‌వెజ్ ఒకే గిన్నెలో ఉడికిస్తారా? వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి చెప్పండి.

మోహనా మాష్టారు

అమ్మా, నేను పుట్టింది పర్లాకిమిడిలోనే, ఉద్యోగం మోహనా బ్లాకులో. చంద్రగిరి నాకు కొట్టినపిండి. మామ్మగారిని తప్పకుండా తీసుకెళ్ళండి.

ముందు ఆ ఊరి సంగతి కాస్త. దలైలామా 1959లో టిబెట్ వదిలి వచ్చాక వెంట వచ్చినవాళ్ళకి మన దేశంలో అక్కడక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. అలా 1963లో ఏర్పడిందే చంద్రగిరి దగ్గర ఫుంట్సోక్‌లింగ్ కాలనీ. ఆ కాలనీలోని ఊళ్ళని 'క్యాంపులు' అంటారు, విడివిడిగా ఉంటాయి. మొక్కజొన్న వాళ్ళ ముఖ్యమైన పంట. చలికాలంలో మన ఊళ్ళకి స్వెట్టర్లు అమ్మడానికి వచ్చే టిబెటన్లలో ఈ క్యాంపుల వాళ్ళూ ఉంటారు. మీరు చూడబోయే పెద్ద మఠం పద్మసంభవ మహావిహారం. 2010లో దలైలామాయే వచ్చి ప్రారంభించారు. ఆ తర్వాతే యాత్రికులు పెరిగారు, వాళ్ళతో పాటే చిన్న చిన్న హోటళ్ళూ పెరిగాయి. చాలావరకు కుటుంబాలు నడిపేవే. నాలుగైదు బల్లలు, వెనకాల వంటగది, అంతే.

ఇక మామ్మగారి భోజనం. వెజ్ మోమో అన్నిచోట్లా ఉంటుంది. క్యాబేజీ, క్యారెట్, ఉల్లి, కొన్నిచోట్ల పనీర్, బంగాళాదుంప. దాంతో పేచీ లేదు. జాగ్రత్త పడాల్సింది తుక్పా దగ్గర. తుక్పా అంటే నూడుల్స్ వేసిన వేడి చారు. పైన కూరగాయలే తేలుతున్నా, చారు మాత్రం ఎముకలు మరగబెట్టి తీసింది కావచ్చు. "వెజ్ తుక్పా ఉందా" అని అడిగితే ఉందంటారు, వాళ్ళ లెక్కలో అది అబద్ధం కాదు, ముక్కలు వెయ్యరు కాబట్టి. అందుకని "చారు దేంతో చేశారు, నీళ్ళతో విడిగా చేసిస్తారా" అని అడగండి. జనం తక్కువుంటే చేసిస్తారు. హిందీ, ఒడియా రెండూ బాగా మాట్లాడతారు, మీకు భాషతో ఇబ్బంది ఉండదు.

ఉడికించే గిన్నె సంగతి కూడా దాచకుండా చెప్తాను. మోమో గిన్నె అంతస్తులుగా ఉంటుంది, అల్యూమినియంది. కింద నీళ్ళు, పైన చిల్లుల పళ్ళేలు ఒకదాని మీద ఒకటి. ఒక్కోసారి కింది పళ్ళెంలో మాంసం, పైదాంట్లో వెజ్ ఉంటుంది. ఆవిరి అన్నిటి గుండా పోతుంది కదా. మామ్మగారికి అది పట్టింపైతే వెళ్ళగానే మొదటి వాయి వెజ్ పెట్టించుకోండి, మీవి తర్వాత.

రాయగడ రైల్వే

మాష్టారూ, మీరు చెప్పింది బాగుంది గానీ నాదొక మాట. మోమోల కోసం ఆ ఘాటీ రోడ్డులో పెద్దావిడని అంత దూరం తిప్పాలా? రాయగడలో, బరంపురంలో ఏ సందులో చూసినా మోమో బండే. చౌమిన్, అదే వేయించిన నూడుల్స్ అయితే మా స్టేషన్ రోడ్డులో దొరికేదానికి సాటి లేదు. పెద్ద మంట మీద, నల్లటి మూకుట్లో, క్యాబేజీ కరకరలాడుతూ ఉండగానే దించేస్తాడు. నేను డ్యూటీ దిగి అది తిన్నాకే ఇంటికి పోతాను. అంత దూరం పోయి చప్పిడి సూప్ తాగి రావడమెందుకు?

బరంపురం కోడలు

రైల్వే అన్నయ్యా, వాళ్ళు వెళ్ళేది మఠం చూడ్డానికి. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి అక్కడి తిండి తినడమే సబబు. తుక్పా చప్పగా ఉంటుందన్న మాట నేనొప్పుకోను. వర్షాకాలంలో తప్తపాణి దాటి ఆ కొండల్లోకి వెళ్ళి, మబ్బు పట్టిన మధ్యాహ్నం ఆ గిన్నె ముందు కూర్చుంటే తెలుస్తుంది. వెల్లుల్లి, అల్లం, ఉల్లికాడ వాసన ముఖానికి కొడుతుంది. ఉప్పూ కారం నీ చేతిలోనే ఉంటాయి, బల్ల మీద ఎర్రటి మిరప పచ్చడి పెడతారు. 'సెపెన్' అంటారు దాన్ని. ఎండుమిరప, వెల్లుల్లి, టమాటా కలిపి నూరింది. మన గుంటూరు కారం తిన్న నోరైనా మొదట చెంచా కొసతోనే వేసుకోవాలి.

మనవరాలప్పా, మీకొక చిన్న మాట. పిల్లలు మయోనీజ్ అడుగుతారు. మొదటి ప్లేటు వరకైనా వద్దని చెప్పండి. అది వేస్తే అన్ని మోమోలకీ ఒకే రుచి.

జయపురం బండి

అందరికీ నమస్తే. నాది జయపురంలో నూడుల్స్, మోమో బండి. అంతకు ముందు బెంగళూరులో పెద్ద రెస్టారెంట్ కిచెన్లో పని చేశాను, అక్కడ నాకు పిండి పని నేర్పింది డార్జిలింగ్ నుంచి వచ్చిన ఆయన. బళ్ళ గురించి అందరూ భయపడుతున్నారు కాబట్టి లోపలి మాట చెప్తాను.

బండి మీద కనబడే మోమోల్లో చాలావరకు బండివాడు చేసినవి కావు. ఎక్కడో చేసి, గడ్డకట్టించి, సంచుల్లో వస్తాయి. బండివాడు ఆవిరి మీద పెట్టి ఇస్తాడు. అదేం తప్పు కాదు, సరిగ్గా చల్లగా ఉంచితే. కరెంటు పోయి, మెత్తబడి, మళ్ళీ గడ్డకట్టినవాటితోనే కడుపులు పాడవుతాయి. వాటిని గుర్తుపట్టొచ్చు. అడుగున తడిసి పళ్ళేనికి అతుక్కుని ఉంటాయి, ఎత్తితే చిరుగుతాయి. పై పొర బూడిదరంగుకి తిరిగి ఉంటుంది. పొద్దున్నుంచీ ఆవిరి మీదే ఉంచిన మోమో కూడా అంతే, రబ్బరే. అప్పటికప్పుడు చేసింది మాత్రం పొర పల్చగా మెరుస్తుంది, లోపలి క్యారెట్ రంగు పైకి కనబడుతుంది.

నేను సొంతంగా చేస్తాను. మైదా, చల్లనీళ్ళు, కొంచెం ఉప్పు. ఈస్ట్ గానీ సోడా గానీ వెయ్యను, అవి వేస్తే పొర ఉబ్బి మందం అయిపోతుంది. గట్టిగా పిసికి తడిగుడ్డ కప్పి అరగంట వదిలెయ్యాలి. ఆ అరగంటలోనే పిండికి సాగే గుణం వస్తుంది. తొందరపడి ఒత్తితే వెనక్కి ముడుచుకుపోతుంది. ఒత్తేటప్పుడు అంచులు పల్చగా, నడుమ కాస్త మందంగా ఉంచాలి. మడతలన్నీ అంచు దగ్గరే పడతాయి కదా, అక్కడ మందంగా ఉంటే ఉడకదు. నడుమ పల్చగా ఉంటే రసం కారిపోతుంది.

నాగావళి ఒడ్డు

బాబూ జయపురం, నీలాంటివాళ్ళు ఇలా విడమరచి చెప్తే మాకు ధైర్యం వస్తుంది. నాకు అజినోమోటో అంటే భయం. మా వీధిలో అది విషం అంటారు. నువ్వు వేస్తావా? చంద్రగిరిలో వేస్తారా? మనవరాలమ్మ మామ్మగారి వయసే నాదీను, అందుకే అడుగుతున్నాను.

జయపురం బండి

పెద్దాయనా, చౌమిన్లో చిటికెడు వేస్తాను, దాచను. మోమోల్లో వెయ్యను, అవసరం రాదు. వద్దన్నవాళ్ళకి లేకుండానే చేసిస్తాను.

మోహనా మాష్టారు

నాగావళి గారూ, దానికి ఇంత చెడ్డపేరు రావాల్సింది కాదు. 1908లో జపాన్లో ఇకెడా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త, సముద్రపు నాచు చారులో ఆ కమ్మదనం ఎక్కణ్ణుంచి వస్తుందా అని వెతికితే బయటపడింది గ్లుటమేట్, అజినోమోటోలో ఉండేది అదే. పండిన టమాటాలోనూ అదే సహజంగా ఉంటుంది. ఇప్పుడు చెరకు మడ్డి లాంటివాటిని పులియబెట్టి తయారుచేస్తున్నారు. మితంగా వాడితే హాని లేదనే ఆహార భద్రతా సంస్థలు చెబుతున్నాయి. మీకు బీపీ ఉంటే పట్టించుకోవాల్సింది మొత్తం ఉప్పు. సోయా సాస్‌లో ఉప్పు చాలా ఎక్కువ, చౌమిన్లో అది ధారగా పోస్తారు. తుక్పా చారులో కూడా ఉప్పు ఉంటుంది. నూడుల్స్, కూరలు తిని చారు సగం వదిలేసినా ఎవరూ ఏమనుకోరు.

రాయగడ రైల్వే

నేను మోమోని తక్కువ చేసి మాట్లాడలేదండీ. చౌమిన్ మీద నాకున్న అభిమానం వేరు. ఉద్యోగంలో కొన్నాళ్ళు కలకత్తా వైపు ఉన్నాను. అక్కడ టాంగ్రా అని చైనావాళ్ళ పేట ఉంది. హక్కా కుటుంబాలు తోళ్ళ పని చేస్తూ స్థిరపడ్డ చోటు. తర్వాత తోళ్ళ కార్ఖానాలు ఊరి బయటికి తరలిపోయాయి, హోటళ్ళు మిగిలాయి. మనం 'హక్కా నూడుల్స్' అని అడిగేది వాళ్ళ పేరు మీద వచ్చిందే. టిరెట్టా బజార్లో ఆదివారం తెల్లారగట్ల ఇంకా చైనా టిఫిన్ అమ్ముతారు. ఆవిరి మీద ఉడికిన బన్నులు, పంది మాంసం కూరిన మోమోల్లాంటివి, చేప ఉండల చారు. ఎనిమిదింటికల్లా ఖాళీ. నేను నైట్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. ఒక ముసలాయన చారు పోసి, పైన ఉల్లికాడ ముక్కలు చిటికెడు జల్లి, గిన్నె రెండు చేతులతో అందించేవాడు.

మరో సంగతి. మనం ఎగబడి తినే మంచూరియా చైనాలో లేదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అనే ఆయన 1975లో ముంబైలో క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వండుతూ చికెన్‌తో మొదట చేశాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ మనవి, సోయా సాస్ వాళ్ళది. అందుకే మన నాలుకకి అంత సులువుగా పట్టింది. దాన్ని కల్తీ వంట అనడం నాకు నచ్చదు, అది ఇక్కడ పుట్టిన వంట.

బరంపురం కోడలు

దాన్నెవరూ కల్తీ అనలేదన్నయ్యా. నాకు బాధ కలిగించేది వేరే. మొన్న చంద్రగిరిలో పక్క బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు "గోబీ మంచూరియా లేదా, మసాలా వేసి ఫ్రై చెయ్యండి, సూప్‌లో గరం మసాలా వెయ్యండి" అని ఆ ఇంటావిణ్ణి ఊపిరి తీసుకోనివ్వలేదు. ఆవిడ పాపం నవ్వుతూనే తల ఊపింది. రోజూ ఇలా అడిగేవాళ్ళే వస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, బతకాలి కదా, మెనూ మార్చేస్తారు. మంచూరియా మన బరంపురంలోనే సందు సందునా ఉంది. తెంతుక్ ఉందా? లేదు. పిండిని పట్టీలుగా సాగదీసి, చేత్తో ముక్కలు తుంపి నేరుగా మరిగే చారులో వేస్తారు దాన్ని. ఒక్కో ముక్క ఒక్కో ఆకారం, కొరికితే గట్టిగా తగులుతుంది. అది అడిగితే ఆవిడ ముఖం ఎంత వెలిగిందో. వాళ్ళ వంట వాళ్ళు చేసుకునే తీరులో మనం తింటేనే అది ఆ ఊళ్ళో నిలుస్తుంది.

రాయగడ రైల్వే

ఆ మాట ఒప్పుకుంటున్నానమ్మా. తెంతుక్ గురించి నేను వినలేదు. ఈసారి తింటాను.

సిరొంచ గోదారి

ఒడిశా వాళ్ళు అదృష్టవంతులు. మేం గడ్చిరోలి జిల్లాలో, గోదావరి ఒడ్డున. తెలుగు, మరాఠీ, గోండి అన్నీ వినిపిస్తాయి గానీ మోమో బండి రావడానికే చాలా ఏళ్ళు పట్టింది. మా వైపు ఇలాంటి టిబెటన్ ఊరు ఏమైనా ఉందా మాష్టారూ?

మోహనా మాష్టారు

ఉంది బాబూ, మీ జిల్లాకి ఉత్తరాన ఆనుకునే ఉంది. గోండియా జిల్లాలో గోఠణగావ్ దగ్గర నోర్గేలింగ్ కాలనీ, 1972లో ఏర్పడింది. అప్పట్లో అదంతా భండారా జిల్లా. అక్కడ హోటళ్ళు ఎలా ఉన్నాయో వెళ్ళొచ్చి నువ్వే రాయాలి. సిరొంచ నుంచి ఒక పూటలో అయ్యే ప్రయాణం కాదు, నవేగావ్ అడవి చూడ్డం కూడా కలుపుకుంటే బాగుంటుంది.

సిరొంచ గోదారి

ఇన్నాళ్ళూ తెలియనే లేదు. చాలా సంతోషం మాష్టారూ.

జయపురం బండి

మనవరాలక్కా, మామ్మగారి కోసం ఇంకో జాగ్రత్త. గుడ్డు తినరన్నారు కాబట్టి చెప్తున్నా. నూడుల్స్ పసుపుగా ఉంటే అవి గుడ్డు వేసినవి కావచ్చు, కాకపోనూ వచ్చు. పిండిలో క్షారం కలిపితే కూడా పసుపు రంగు తిరుగుతుంది, ఒక్కోసారి రంగే కలుపుతారు. చూసి చెప్పలేం. ప్యాకెట్ చూపించమని అడగండి, ఆకుపచ్చ గుర్తుంటే బెంగ లేదు. చేత్తో చేసే తెంతుక్ అయితే మామూలుగా మైదా, నీళ్ళే. అయినా గుడ్డు వేశారా అని ఒక్క మాట అడగండి.

పర్లాకిమిడి మనవరాలు

వెళ్ళొచ్చామండీ! అందరికీ పేరుపేరునా దణ్ణాలు. వివరంగా రాస్తున్నాను, నా తర్వాత వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది.

ఆర్.ఉదయగిరి మీదుగా వెళ్ళాం. ఘాటీలో చిన్నదానికి వాంతులయ్యాయి, మిగతా దారంతా బాగానే ఉంది. మఠం ముందు చూసి, పన్నెండు కొట్టకుండానే హోటల్లో కూర్చున్నాం. మాష్టారు చెప్పినట్టు మొదటి వాయి వెజ్ అడిగాను. ఇంటావిడ మామ్మ వైపు చూసి, ఏమీ విసుక్కోకుండా, ఖాళీ గిన్నె కడిగి మరీ పెట్టింది. అరగంట పైగా పట్టింది. పిల్లలు నస పెడుతుంటే నేను వాళ్ళని వంటగది గుమ్మం దాకా తీసుకెళ్ళాను. లోపల ఒక అమ్మాయి మోమోలు చుడుతోంది. ఎడమ అరచేతిలో బిళ్ళ, నడుమ కూర. ఎడమ బొటనవేలు కూరని లోపలికి నొక్కి ఉంచుతుంది, కుడిచేతి వేళ్ళు అంచుని చిన్న చిన్న కుచ్చిళ్ళుగా మడుస్తూ గుండ్రంగా తిరిగి వచ్చి మొదటి మడత దగ్గర చిటికెతో మూసేస్తాయి. చేతుల వైపు చూడకుండానే, పక్కనున్నామెతో మాట్లాడుతూనే చేసేస్తోంది. మా పెద్దాడు నస మానేసి అక్కడే నిలబడిపోయాడు.

మామ్మకి వెజ్ మోమో, కూరగాయలతో నీళ్ళ చారు తెంతుక్, తింగ్మో పెట్టించాను. తింగ్మో అంటే మడతలు మడతలుగా ఉండే ఆవిరి రొట్టె, దీంట్లో కూర ఉండదు. మామ్మ మోమో విప్పి లోపల చూసింది. "ఇది మన పూర్ణం కుడుమే, బెల్లం బదులు కూర పెట్టారు" అని, ఇక అనుమానం లేకుండా తినేసింది. కారం మాత్రం గట్టిగానే తగిలింది, మంచినీళ్ళు తాగి మళ్ళీ వేసుకుంది. తింగ్మో ఆవిడకి అన్నిటికన్నా నచ్చింది, పళ్ళు లేనివాళ్ళకి హాయి. డబ్బులిచ్చేటప్పుడు మామ్మ ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకుని తెలుగులో ఏదో చెప్పింది, ఆవిడ టిబెటన్‌లో ఏదో అంది. మావారు పులిహోర డబ్బా తీసుకురానందుకు ఏమీ అనలేదు.

నచ్చనిది కూడా చెప్తాను. మేం లేచే వేళకి బస్సుల్లో జనం దిగారు. అప్పుడు వచ్చిన మోమోలు చూశాను, తొందరలో చేసినవి, ఒకటి రెండు మూతి విప్పుకున్నాయి. కాబట్టి ఆదివారం వెళ్తే పెందలాడే తినండి, లేదా వేరే రోజు వెళ్ళండి. వెన్న టీ ఒక కప్పు అడిగి అందరం గుటకేశాం. ఉప్పగా ఉంటుంది, టీ అనుకోకుండా తాగితే బాగుంటుంది. పిల్లలకి మాత్రం దిగలేదు.

నాగావళి ఒడ్డు

చదువుతుంటే కడుపు నిండిపోయిందమ్మా. మామ్మగారికి నా నమస్కారం చెప్పు. నేనూ మా ఆవిడా వెళ్తాం.

బరంపురం కోడలు

అప్పా, ఎంత బాగా రాశారో. మామ్మని కార్లో కూర్చోబెట్టకుండా మంచి పని చేశారు.

ఇప్పుడు నా కష్టం. కార్తీకమంతా మా అత్తవారింట్లో నీచు రాదు. పంచుక, అంటే కార్తీకంలో ఆఖరి అయిదు రోజులు, అయిన మర్నాడు ఛాడఖాయికి ఊరంతా చికెన్ షాపుల ముందు క్యూ కడుతుంది కదా, ఆ రోజు ఇంట్లో చికెన్ మోమో చేస్తానని అందరికీ మాటిచ్చాను. ఇంతకుముందు చేస్తే లోపల చికెన్ పొడిపొడిగా అయిపోయింది, పొర అడుగున తడిసి చిరిగింది. జయపురం తమ్ముడూ, ఏం చెయ్యాలి?

జయపురం బండి

అక్కా, రెండూ వేరువేరు తంటాలు.

చికెన్ పొడిబారేది కొవ్వు లేక. టిబెటన్లు, నేపాలీలు ఎక్కువగా వాడే మాంసాల్లో కొవ్వు ఉంటుంది, అది కరిగి రసం అవుతుంది. మనం బోన్‌లెస్ బ్రెస్ట్ కొట్టించి తెస్తాం. కాలి మాంసం కీమా కొట్టించండి. సన్నగా తరిగిన ఉల్లిపాయ ధారాళంగా వెయ్యండి, ఒక చెంచా నూనె లేదా కరిగించిన వెన్న, చివర్లో కొంచెం చల్లనీళ్ళు పోస్తూ ఒకే వైపు కలపండి. కీమా ఆ నీళ్ళు పీల్చుకుని జిగురుగా అవుతుంది. అప్పుడు కొరికితే రసం వస్తుంది. ఉల్లి తరిగి ఉప్పేసి పక్కన పెట్టొద్దు, నీరంతా ముందే దిగిపోతుంది. క్యాబేజీకైతే దీనికి వ్యతిరేకం: దానికి ముందే ఉప్పు రాసి గట్టిగా పిండెయ్యాలి, లేకపోతే లోపల చెరువే.

పొర తడవడానికి కారణం చుట్టి ఉంచెయ్యడం. ఇంట్లో ఆడవాళ్ళందరూ కూర్చుని అన్నీ చుట్టి ఒకేసారి పెడదామనుకుంటారు. కూర తడి పొరలోకి దిగుతూనే ఉంటుంది. ఒక వాయికి సరిపడా చుట్టి పెట్టెయ్యండి, అది ఉడికేలోపు రెండోది చుట్టండి. పళ్ళేనికి నూనె రాయండి లేదా క్యాబేజీ ఆకు పరవండి. నీళ్ళు కళపెళా మరిగాకే పైన పెట్టాలి. చికెన్‌కి 12 నిమిషాలు, మూత తియ్యొద్దు. తర్వాత ఒకటి విరిచి చూడండి, లోపల గులాబీ రంగు కనబడితే ఇంకాస్త ఉంచండి. పచ్చి చికెన్‌తో సాహసాలొద్దు. అడుగు కరకరలాడేలా పెనం మీద చేసే రకం కావాలంటే పిండి వేణ్ణీళ్ళతో కలపండి, మెత్తగా ఉంటుంది. ఆవిరి మీద వాటికి మాత్రం చల్లనీళ్ళే.

బరంపురం కోడలు

ఒకే వైపు కలపడం, ఉప్పు సంగతీ నాకు తెలియనే తెలియదు తమ్ముడూ. చల్లగా ఉండు. జయపురం వస్తే నీ బండి ఎక్కడో చెప్పాలి మరి.

నాగావళి ఒడ్డు

మాష్టారూ, మేం ఫిబ్రవరి ఆఖరులో చంద్రగిరి వెళ్దామనుకుంటున్నాం, ఎండలు ముదరకముందే. హోటళ్ళు తెరిచే ఉంటాయా?

మోహనా మాష్టారు

తేదీ చూసుకుని వెళ్ళండి నాగావళి గారూ. వాళ్ళ కొత్త సంవత్సరం లోసర్ ఫిబ్రవరి, మార్చిల్లోనే వస్తుంది, ఏటా తేదీ మారుతుంది. ఆ మొదటి రోజుల్లో హోటళ్ళు మూసి ఇంటిపట్టున ఉంటారు, లేదా మఠంలో ఉంటారు. స్వెట్టర్లకి పోయినవాళ్ళు కూడా అప్పటికి తిరిగొస్తారు, క్యాంపులన్నీ కళకళలాడతాయి. లోసర్‌కి ముందు, పన్నెండో నెల 29వ రోజు రాత్రి ఇళ్ళలో గుతుక్ అని చారు చేసుకుంటారు, తొమ్మిది రకాలు పడాలి దాంట్లో. పెద్ద పిండి ముద్దల్లో మిరపకాయ, ఉప్పు, ఉన్ని, బొగ్గు లాంటివి దాచి పెడతారు. ఎవరికి ఏది వస్తే దాన్నిబట్టి వాళ్ళ స్వభావం చెప్పి నవ్వుకుంటారు. మిరపకాయ వస్తే వాగుడుకాయ, బొగ్గు వస్తే మనసు నలుపు. అది ఇంటి పండగ, హోటల్లో అడిగితే దొరకదు.

మఠం మాత్రం ఆ రోజుల్లోనే చూడ్డానికి బాగుంటుంది. తిండి కోసమే అయితే లోసర్ దాటి ఓ వారం ఆగండి. మధ్యవారంలో వెళ్ళండి, పదకొండున్నరకల్లా కూర్చోండి. మీ దంపతులిద్దరూ కారం తక్కువ తింటే సెపెన్ విడిగా తెమ్మనండి, కొన్నిచోట్ల నేరుగా చారులోనే వేసిచ్చేస్తారు.

నాగావళి ఒడ్డు

అలాగే మాష్టారూ. మార్చిలో ఒక బుధవారం పెట్టుకుంటాం.